ఐపీ చిరునామా మార్పు: ‘48 గంటలు ఆగండి’ అంటే సరిపోదు

సంపాదకులకు నమస్కారాలు.

వెబ్‌సైట్‌ను ఒక సర్వర్ నుంచి మరో సర్వర్‌కు తరలించినప్పుడో, సైట్లకు సర్వర్లు అద్దెకిచ్చే హోస్టింగ్ సంస్థ తన నెట్‌వర్క్‌లో మార్పులు చేసుకున్నప్పుడో ఆ సైటు ఐపీ చిరునామా (ఇంటర్నెట్‌లో సర్వర్‌ను గుర్తించే అంకెల వరుస) మారుతుంది. ఆ తర్వాత కొందరికి కొత్త సైటు, కొందరికి పాత సైటు కనిపిస్తూ, మరికొందరికి అసలేమీ తెరుచుకోకపోతే, కారణం అడిగిన యజమానికి సాధారణంగా వచ్చే జవాబు ఒక్కటే: డిఎన్‌ఎస్ (సైటు పేరుకు ఐపీ చిరునామా ఏదో చెప్పే వ్యవస్థ) మార్పు అంతటా వ్యాపించడానికి 24 నుంచి 48 గంటలు పడుతుంది, ఆగండి. చిన్న సంస్థల సైట్ల నిర్వహణ చూసేవాడిగా ఈ జవాబుపై నాకు తీవ్రమైన అభ్యంతరం ఉంది. ముందుగా సిద్ధపడితే ఆ నిరీక్షణలో చాలా భాగం అవసరమే ఉండదు.

నిజానికి అక్కడ వ్యాపించేదంటూ ఏమీ లేదు. సైటు పేరుకు ఏ ఐపీ చిరునామా ఉందో తెలిపే ‘ఎ’ రికార్డు ఆ పేరు వివరాలను ఉంచే అధికారిక నేమ్‌సర్వర్‌లో ఉంటుంది. సైటు చూసేవారి ఇంటర్నెట్ సంస్థ నడిపే, పేర్లకు చిరునామాలు కనుక్కునే రిజాల్వర్ అనే సర్వర్ దాన్ని ఒకసారి అడిగి తెచ్చుకుని, తన దగ్గర భద్రపరచుకుంటుంది. ఎంతసేపు ఉంచుకోవచ్చో ఆ రికార్డుతో పాటే వచ్చే టిటిఎల్ అనే అంకె సెకన్లలో చెబుతుంది: 86400 అయితే ఒక రోజు, 3600 అయితే ఒక గంట, 300 అయితే ఐదు నిమిషాలు. ఆ గడువు తీరేదాకా రిజాల్వర్ మళ్లీ అడగదు. అంటే ఎంతసేపు ఆగాలో నిర్ణయించే అంకెను ఆ డొమైన్ (సైటు పేరు) డిఎన్‌ఎస్‌ను నిర్వహించేవారే రాస్తారు, వారే మార్చగలరు కూడా.

అయితే ఎప్పుడు మార్చాలన్న దగ్గరే ఎక్కువమంది పొరబడుతున్నారు. చిరునామా మార్చే రోజునే టిటిఎల్‌ను కూడా తగ్గిస్తే ఫలితం ఉండదు. ముందురోజు సాయంత్రం 86400 గడువుతో పాత రికార్డును తీసుకున్న రిజాల్వర్ మర్నాడు సాయంత్రం వరకు పాత చిరునామానే చెబుతుంది; మధ్యలో మనం గడువు తగ్గించిన సంగతి దానికి తెలిసే మార్గమే లేదు. కాబట్టి పాత టిటిఎల్ ఎంత ఉందో కనీసం అంత సమయం ముందుగా, వీలైతే ఇంకో రోజు కలుపుకుని, చిరునామాను కదపకుండా టిటిఎల్ ఒక్కదాన్నే 300కు తగ్గించాలి. పాత గడువుతో నిలిచిన నకళ్లన్నిటికీ కాలం తీరాక ఐపీని మారిస్తే, అత్యధికులు కొద్ది నిమిషాల్లోనే కొత్త సర్వర్‌కు చేరుతారు. అంతా కుదురుకున్నాక టిటిఎల్‌ను మళ్లీ పెంచుకోవచ్చు. ఈ పనికి ఖర్చు లేదు, కావలసిందల్లా ముందస్తు సమాచారం.

అలా చేసినా కొన్ని రిజాల్వర్లు చిన్న గడువులను పట్టించుకోవు, కొన్ని ప్రోగ్రాములు ఒకసారి తెలుసుకున్న చిరునామాను తాము నడుస్తున్నంత సేపూ పట్టుకునే ఉంటాయి. అందుకే పాత సర్వర్‌ను ఆ రోజే ఆపేయకూడదు. అలాగని రెండు చోట్లా సైటును మామూలుగా నడవనిస్తే ఇంకో ప్రమాదం ఉంది: పాత సర్వర్‌కు వెళ్లినవారు నింపిన దరఖాస్తులు, ఇచ్చిన ఆర్డర్లు పాత డేటాబేస్‌లోనే చేరి, కొత్త దానిలో కనిపించవు. పాత సర్వర్‌కు వచ్చే అభ్యర్థనలను రివర్స్ ప్రాక్సీ (వచ్చిన అభ్యర్థనను వేరే సర్వర్‌కు అందించి, జవాబు తెచ్చిచ్చే ఏర్పాటు) ద్వారా కొత్త సర్వర్‌కు పంపించడం నాకు తెలిసినంతలో అన్నిటికన్నా మంచి పద్ధతి. అది కుదరకపోతే, ఆ కొద్ది రోజులూ పాత సైటులో కొత్తగా ఏదీ నమోదు కాకుండా చదవడానికి మాత్రమే అనుమతించాలి.

ఈ మార్పు ఇంత కష్టంగా అనిపించడం విచారకరం, ఎందుకంటే డిఎన్‌ఎస్ పుట్టిన కారణాల్లో ఇదీ ఒకటి. ఇంటర్నెట్‌కు ముందున్న ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ కాలంలో యంత్రాల పేర్లు, చిరునామాలు ఒకే ఫైలులో ఉండేవి. స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ నిర్వహించిన ఆ ఫైలును అందరూ నకలు తీసుకునేవారు. ఎక్కడ ఏ చిరునామా మారినా ఆ ఫైలును దిద్ది, అందరూ మళ్లీ తెచ్చుకోవలసి వచ్చేది. యంత్రాలు పెరిగి ఆ పద్ధతి నిలవలేని స్థితిలో 1983లో పాల్ మోకాపెట్రిస్ డిఎన్‌ఎస్‌ను రూపొందించారు. ఆ పాత ఫైలు వారసత్వంగా ప్రతి కంప్యూటర్‌లో నేటికీ హోస్ట్స్ ఫైలు మిగిలే ఉంది. అందులో సైటు పేరు, కొత్త ఐపీ రాసుకుంటే, లోకానికి తెలియకముందే మన ఒక్క కంప్యూటర్ నుంచి కొత్త సర్వర్‌ను పూర్తిగా పరీక్షించుకోవచ్చు. ఈ పరీక్షను దాటవేసి మార్పుకు దిగడం నా దృష్టిలో నిర్లక్ష్యమే.

సైటుతో సంభాషణను సురక్షితం చేసే ఎస్‌ఎస్‌ఎల్ సర్టిఫికెట్ సైటు పేరుకు చెందినది కనుక ఐపీ మారినా చెల్లుతుంది. ప్రైవేట్ కీ (దాని రహస్య తాళంచెవి)తో సహా దాన్ని ముందే కొత్త సర్వర్‌లో పెట్టుకోవాలి. కొత్త తరం విధానమైన ఐపీవీ6 చిరునామాను తెలిపే ‘ఎఎఎఎ’ రికార్డును మాత్రం చాలామంది మరచిపోతారు. దాన్ని మార్చకపోతే ఐపీవీ6 ఉన్నవారంతా పాత సర్వర్‌కే వెళ్తుంటారు, ఆ సౌకర్యం లేని యజమానికి తన సైటు చక్కగా పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది. ఈమెయిల్ కూడా అదే సర్వర్ నుంచి వెళ్తుంటే మన పేరుతో మెయిల్ ఏ సర్వర్లు పంపవచ్చో చెప్పే ఎస్‌పిఎఫ్ రికార్డులో కొత్త ఐపీని చేర్చాలి, ఐపీని బట్టి పేరు చెప్పే రివర్స్ డిఎన్‌ఎస్‌ను సరిచేయమని హోస్టింగ్ సంస్థను కోరాలి. లేకపోతే ఉత్తరాలు స్పామ్‌లో పడతాయి లేదా తిరస్కరణకు గురవుతాయి. చెల్లింపుల సంస్థలు, బయటి డేటాబేస్‌లు తమ ఫైర్‌వాల్ (రక్షణ వడపోత)లో పాత ఐపీని మాత్రమే అనుమతిస్తున్నాయేమో కూడా ముందే కనుక్కోవాలి.

ఇక హోస్టింగ్ సంస్థల బాధ్యత గురించి. పాత తరం విధానమైన ఐపీవీ4లో ఉన్నవి సుమారు 429 కోట్ల చిరునామాలే. 2011 ఫిబ్రవరిలో ప్రపంచ స్థాయిలో ఐపీ చిరునామాలను పంచే అయానా తన వద్ద మిగిలిన చివరి పెద్ద భాగాలను ప్రాంతీయ రిజిస్ట్రీలకు పంచేసింది. ఒకే ఐపీపై అనేక సైట్లను నడపడం, ఉన్న చిరునామాలను పొదుపుగా సర్దుకోవడం సంస్థలకు తప్పదని నేను ఒప్పుకుంటాను. కానీ డొమైన్ నేమ్‌సర్వర్లు కూడా ఆ సంస్థవే అయితే రికార్డును వారే మార్చేస్తారు. డిఎన్‌ఎస్‌ను వేరేచోట నిర్వహించుకుంటున్న ఖాతాదారుకు మాత్రం, ఎవరూ చెప్పకపోతే, సైటు ఆగిపోయాకే విషయం తెలుస్తుంది. కనీసం రెండు వారాల ముందు పాత, కొత్త చిరునామాలను, పాతది ఆగిపోయే తేదీని రాతపూర్వకంగా తెలియజేయడం సేవా నిబంధనల్లో భాగం కావాలని కోరుతున్నాను.

పాత చిరునామాను వదులుకున్న వెంటనే ఇంకొకరికి కేటాయించే అలవాటుపై కూడా నియంత్రణ ఉండాలి. యజమాని మరచిపోయిన సబ్‌డొమైన్ (ప్రధాన డొమైన్ కింద ఉండే పేరు) ఏదైనా ఇంకా ఆ ఐపీనే చూపిస్తుంటే, ఆ ఐపీని పొందిన కొత్త వ్యక్తి ఆ పేరుతో నకిలీ పేజీ నడపగలడు, దానికి చెల్లుబాటయ్యే సర్టిఫికెట్ కూడా తీసుకోగలడు. అందువల్ల పాత ఐపీని కొంతకాలం ఖాళీగా ఉంచడం సంస్థ వంతు. దాన్ని వదులుకునే ముందు తన డిఎన్‌ఎస్ జోన్ (డొమైన్ రికార్డుల జాబితా)లో ఆ అంకెలు ఎక్కడెక్కడ ఉన్నాయో వెదికి తొలగించడం యజమాని వంతు.

ఇట్లు,
ఒక వెబ్‌సైట్ నిర్వాహకుడు