విదేశీ విల్లా కథనంలో అసలు షరతులేవి?

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో విదేశాల్లో విలాసవంతమైన ఇళ్లు కొనడం గురించి రెండు పేజీల కథనం వేశారు. మర్నాడో ఆ మర్నాడో సవరణ వేస్తారని ఎదురుచూశాను. వేయలేదు. అందుకే రాయక తప్పడం లేదు.

కథనంలో ఈత కొలను ఉంది, సముద్రం కనిపించే బాల్కనీ ఉంది, పాలరాతి వంటగది ఉంది. ఆ ఇంటి కింద ఉన్న నేల కొన్నవాడి పేరున ఉంటుందా లేదా అన్న ఒక్క ముక్క మాత్రం లేదు. పరాయి దేశంలో ఇల్లు కొనేవాడు మొట్టమొదట అడగాల్సింది అదే కదా!

మీరు వేసిన ఫొటో థాయిలాండ్‌లోని పుకెట్ విల్లాది. అక్కడ మామూలుగా విదేశీయుడి పేరున భూమి ఉండదు. కాండోమినియంలో ఫ్లాట్ కొనుక్కోవచ్చు, అదీ ఆ భవనంలోని ఫ్లాట్ల మొత్తం విస్తీర్ణంలో విదేశీయుల వాటా 49 శాతం దాటకపోతేనే. విల్లా అయితే ఎక్కువగా దాని కింది స్థలానికి 30 ఏళ్ల లీజే దొరుకుతుంది. ఏజెంట్లు మరో 30, ఇంకో 30 కలిపి 90 ఏళ్లు అని చెబుతారు. చట్టం ఒప్పుకునేది ఒక్కసారికి 30 ఏళ్లే. మిగతాది స్థలం యజమాని ఇచ్చే మాట మాత్రమే. రేపు ఆయన పోయి, వారసులు కాదంటే ఏం చేస్తారు?

తెలిసినవాళ్లు ఒకరు తమ ఒప్పందం నాకు చూపించారు. అట్ట మీద బంగారు రంగులో ‘మీ సొంత ఇల్లు’ అని ఉంది. లోపల ఎక్కడో, చిన్న అక్షరాల్లో, లీజు పొడిగింపు ఇరుపక్షాల అంగీకారానికి లోబడి ఉంటుందని రాసి ఉంది. ఆ పేజీ అడుగున వాళ్ల సంతకం కూడా ఉంది. డబ్బు అప్పటికే మొత్తం కట్టేశారు. అది చదివి వినిపించాల్సి వచ్చినప్పుడు నాకు నోరు రాలేదు.

గట్టిగా అడిగితే ఏజెంటు ఇంకో దారి చెబుతాడు. స్థానికుల పేర్లతో కంపెనీ పెట్టి, దాని పేరున భూమి కొనమంటాడు. దాన్నే బినామీ అంటారు, థాయిలాండ్‌లో అది నేరం. ఇండోనేషియాలో 1960 నాటి భూచట్టం ప్రకారం పూర్తి యాజమాన్య హక్కు ఆ దేశ పౌరులకే. బాలిలో వేరే వాళ్ల పేరున కొని, పక్కన కాగితం రాయించుకుంటే ఆ కాగితాన్ని నమ్ముకోలేం.

ఇక వీసాల సంగతి. స్పెయిన్‌లో 5 లక్షల యూరోలు పెట్టి ఇల్లు కొంటే నివాస వీసా వస్తుందని రాశారు. ఆ పథకం 2025 ఏప్రిల్ 3తో ముగిసిపోయింది! పోర్చుగల్ 2023లోనే ఇళ్ల కొనుగోలును గోల్డెన్ వీసా (పెట్టుబడి పెట్టినవాళ్లకు ఇచ్చే నివాస వీసా) నుంచి తీసేసింది. గ్రీస్ 2024లో ఏథెన్స్, శాంటోరినీ లాంటి చోట్ల ఈ వీసాకు కావాల్సిన కనీస పెట్టుబడిని 8 లక్షల యూరోలకు పెంచింది. సింగపూర్‌లో ఇల్లు కొనే విదేశీయుల్లో చాలామంది 2023 నుంచి ధర మీద 60 శాతం అదనపు స్టాంప్ డ్యూటీ కట్టాలి. కెనడా చాలామంది విదేశీయులను కొనుగోళ్ల నుంచే నిషేధించింది. సొంత ప్రజలకు ఇళ్లు అందడం లేదని ఆ ప్రభుత్వాలు చేసిన పనిని నేను తప్పుపట్టను. ఇవేవీ రహస్యాలు కావు, ఒక్క పూట వెతికితే దొరికేవే. ఒకప్పుడు పత్రికలో పడిందంటే ఎవరో ఒకరు సరిచూసి ఉంటారన్న ధైర్యం ఉండేది. ఇప్పుడు బ్రోచర్‌కీ వార్తకీ తేడా తెలియడం లేదు.

అధికారులూ అంతే. ఏజెంట్లు పెద్ద హోటళ్లలో ప్రదర్శనలు పెట్టి, టీ తాగేలోపు అడ్వాన్సు కట్టించుకుంటారు. అమ్మేవాడికి లైసెన్సు ఉందా అని అడిగే నాథుడు లేడు. మోసపోయాక వెళ్తే, కొన్నవాడి దేశంలో అధికారి ఆస్తి మా పరిధిలో లేదంటాడు. ఆస్తి ఉన్న దేశంలో అధికారి ఆ ప్రచారం ఇక్కడ జరగలేదంటాడు. మధ్యలో జీవితకాలపు పొదుపు పోయినవాళ్ల గోడు ఎవరికి పట్టింది?

కొంతలో కొంత నయమైన ఏర్పాట్లూ ఉన్నాయి. దుబాయ్‌లో 2007 చట్టం ప్రకారం, కట్టుబడిలో ఉన్న ఫ్లాట్‌కు కొనుగోలుదారు ఇచ్చే డబ్బు ఆ ప్రాజెక్టు ఎస్క్రో ఖాతాలో, అంటే ఆ నిర్మాణానికే వాడాల్సిన ప్రత్యేక బ్యాంకు ఖాతాలో పడాలి. ఈ ఒక్క మాట రాసి ఉంటే, ఏజెంటు సొంత ఖాతాకు డబ్బు పంపే ముందు నలుగురైనా ఆగేవారు. విదేశీయులకు ఫ్రీహోల్డ్ (పూర్తి యాజమాన్య హక్కు) ఇచ్చేది నిర్ణయించిన ప్రాంతాల్లోనే అని, రిజిస్ట్రేషన్‌కు 4 శాతం రుసుము ఉంటుందని కూడా రాయాల్సింది.

డబ్బు తీసుకుని వేసిన కథనమైతే పైన ‘ప్రకటన’ అని వేయండి. కాకపోతే యాజమాన్యమా లీజా, ఎన్నేళ్లు, పన్నులెంత, తిరిగి అమ్మాలంటే ఎవరికి అమ్మొచ్చు అన్నవి ధర పక్కనే రాయండి. ముందుగా స్పెయిన్ వీసా సవరణ రేపే, అందరికీ కనిపించే చోట వేయండి. మీరు రాసింది నమ్మి ఈ వారమే అడ్వాన్సు కట్టబోతున్నవాళ్లు ఉండి ఉంటారు.

– ఒక పాఠకుడు