కంపు నల్లులన్నీ శత్రువులు కావు

ఎడిటర్ గారికి నమస్కారం. మా దేవరకొండ వైపు కంది, పత్తి చేలలో కంపు కొట్టే నల్లి కనిపిస్తే చాలు, ఏది ఏదో చూడకుండానే మందు కొట్టేస్తున్నారు, ఇది చూస్తే నిజంగా బాధేస్తుంది. అందులో గొంగళి పురుగులను తినే రకాలూ ఉంటాయి. ఆస్ట్రేలియాలో ఓకేలియా అనే జాతి ఉంది, దాని భుజాలకు రెండు వైపులా ముల్లులాంటి కొనలుంటాయి, శనగపచ్చ పురుగును పొడిచి రసం పీల్చేస్తుంది. మన దగ్గరి యోకాంతెకోనా అనే కంపు నల్లిదీ అదే తీరు. అయితే భుజాల ముల్లు ఒక్కటే చూసి నమ్మొద్దు, పంట రసం పీల్చే కొన్నింటికీ అది ఉంటుంది. అసలు గుర్తు తల కింద ఉండే, పొడిచి పీల్చే గొట్టంలాంటి ముక్కు. పంటను పీల్చేదానికి సన్నగా, వేటాడేదానికి లావుగా ఉంటుంది. తిప్పి చూస్తే తెలిసిపోతుంది. మీ వ్యవసాయ పేజీలో రెండింటి ఫొటోలు పక్కపక్కన, పెద్దగా వేయండి.

– ఒక రైతు, దేవరకొండ, నల్గొండ జిల్లా