పుణ్యం లెక్కలో చెరువు

సంపాదకులకు నమస్కారం.

మతం సమాజాన్ని ముందుకు నడుపుతుందా, వెనక్కి లాగుతుందా అన్న చర్చ మీ లేఖల శీర్షికలో కొంతకాలంగా సాగుతోంది. అది దేవుడున్నాడా లేడా అన్న వాదంలోకి జారిపోతున్నందున, మా కడప జిల్లా చరిత్రను ఆధారం చేసుకుని ఒక్క మాట మనవి చేస్తున్నాను. ఒక మతం ఏ పనిని పుణ్యకార్యంగా ఎంచింది, ఆ పని కలకాలం నిలవడానికి ఏ ఏర్పాటు చేసింది అన్నవే ఇక్కడ అడగవలసిన ప్రశ్నలు.

మా జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. చెరువు త్రవ్వించడాన్ని సప్తసంతానాలలో (మనిషి పేరు నిలిపేవిగా ఎంచిన ఏడింటిలో) ఒకటిగా, కన్న కొడుకుతో సమానంగా భావించిన ఆ కాలంలో, విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడైన భాస్కర భవదూరుడు ఈ చెరువును కట్టించాడు. జలదానం వల్ల కలిగే పుణ్యాన్ని కీర్తించి ఊరుకోకుండా, మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం వివరిస్తుంది. కట్ట నుంచి నీరు ఊరడం, నేల చవుడుదై ఉండటం, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండటం ఆ దోషాలలో కొన్ని. (రాష్ట్రాల మధ్య నీటి తగాదాలు ఎరిగిన రాయలసీమ రైతుకు ఈ చివరి దాని సంగతి వేరే చెప్పనక్కర్లేదు.) రోజుకు వెయ్యిమంది కూలీలు, రాళ్లు తోలడానికి వంద బండ్లు, రెండేళ్ల కాలం పట్టినట్టు కూడా అందులో ఉంది.

కర్మ సిద్ధాంతమూ కులవ్యవస్థా భారతదేశంలో పెట్టుబడిదారీ వికాసానికి అడ్డుపడ్డాయని జర్మన్ సామాజికవేత్త మాక్స్ వెబర్ వాదించాడు. కర్మ విషయంలో ఆయన వాదం ఈ శాసనం ముందు పూర్తిగా నిలవదు. పరలోక చింతనే ఇక్కడ రాతికట్టగా, తూముగా, ఆయకట్టుగా రూపుదాల్చింది. కులం విషయంలో మాత్రం ఆయనను కాదనలేం. జలదానాన్ని అంతగా పొగిడిన సమాజమే మాల మాదిగలను ఊరి బావి ముట్టనివ్వలేదు. వారి పిల్లలకు అక్షరం చేరవేయడంలో మిషనరీ బడుల పాత్ర తక్కువది కాదు. లండన్ మిషన్ కడపలో 1822లోనే పని మొదలుపెట్టింది. బైబిలును ఎవరికి వారే చదువుకోవాలన్న, ప్రొటెస్టెంట్ క్రైస్తవానికి ఆద్యుడైన లూథర్ బోధ వల్ల పెరిగిన అక్షరాస్యతే ప్రొటెస్టెంట్ ప్రాంతాల సంపదకు ముఖ్య కారణమని పాత జర్మన్ రాజ్యమైన ప్రష్యా లెక్కల ఆధారంగా 2009లో ఇద్దరు ఆర్థికవేత్తలు చూపించారు. అక్కడ కూడా ఫలితమిచ్చింది సిద్ధాంతం కాదు, అది విధిగా చేయించిన పని.

అయితే నమ్మకం ఒక్కటే చెరువును కాపాడలేదు. చెరువు కట్టినవారికి, మరమ్మతు చూసేవారికి పూర్వం దశబంధ మాన్యాలు (ఆ పనికి ప్రతిఫలంగా ఇచ్చే ఇనాం భూములు) ఉండేవి. ఆ భూమిని అనుభవించేవారే కట్ట, తూముల బాధ్యత మోయవలసి ఉండేది. ఆ ఏర్పాటు సడలిన తర్వాత భక్తి తగ్గలేదు, చెరువులు మాత్రం పూడిపోయాయి. ఇప్పుడు పుణ్యం కోసం చేసే ఖర్చు ఎక్కువగా కొత్త గోపురాలకు, ముఖద్వారాలకు, మైకులకు పోతోంది. 1990లలో అనంతపురం జిల్లాలో వందలాది గ్రామాలకు తాగునీరు తెచ్చిన పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు పథకం ఇందుకు మినహాయింపు.

గుడి, మసీదు, చర్చి కమిటీలు చందాలు వసూలు చేసేటప్పుడు అందులో కొంత భాగం ఊరి చెరువు పూడికతీతకు, వంక కాలువల బాగుకు విడిగా ఉంచాలని కోరుతున్నాను. ఆ లెక్కను ప్రార్థనాస్థలం గోడ మీదే అతికించాలి. ఆయకట్టు చివరి భూముల రైతులు సంతకం చేసేదాకా ఆ లెక్కను ముగించకూడదు.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
కడప.