తీతా నేర్పిన లుంపియా

దావావ్, ఫిలిప్పీన్స్

ఒరేయ్ బావా,

ఎలా ఉన్నావ్? అనాటమీ పరీక్ష టెన్షన్‌లో ఇన్నాళ్లూ రాయలేకపోయాను. నిన్నటితో అది అయిపోయింది. సాయంత్రమే తీతా వంటింట్లో దూరి లుంపియా షాంఘై చేశాను, అంటే పల్చటి పొరలో కీమా పెట్టి చుట్టి నూనెలో వేయించే చుట్టలు. తీతా అంటే ఇక్కడ పిన్ని, అత్త ఎవరినైనా పిలిచే మాట. మా ఇంటిగలావిడని అలాగే పిలుస్తాం.

పేరులో షాంఘై ఉంది గానీ ఆ ఊరి వంటకం కాదు. లుంపియా అన్న మాట చైనా నుంచి వలసొచ్చిన హొక్కియన్ వాళ్లది. ఇక్కడ పుట్టినరోజైనా, ఊరి ఫియెస్తా అయినా ఇది ఉండాల్సిందే.

లోపల పెట్టేది పంది కీమా. అందులో సన్నగా తరిగిన క్యారెట్, ఉల్లిపాయ, వెల్లుల్లి, ఒక గుడ్డు, సోయా సాస్, మిరియాల పొడి, ఉప్పు. కీమా పచ్చిదే చుడతారు. అందుకే చుట్ట వేలి లావు దాటకూడదు. లావైతే పైన మాడిపోయి లోపల ఉడకదు.

ఇక పై పొర! మన ఆత్రేయపురం పూతరేకులు గుర్తున్నాయా? వాటి తర్వాత చేత్తో పట్టుకోవడానికి నేను అంత భయపడింది ఈ మైదా పొరల్నే. బజార్లో కట్టగా అమ్ముతారు, ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి. తీతా మూల దగ్గర గోటితో లేపి, నెమ్మదిగా ఒలిచి, ఆరిపోకుండా తడిగుడ్డ కప్పుతుంది. మొదటిసారి నేను వదులుగా చుట్టాను. నూనెలో పడగానే రెండు విచ్చుకుని కీమా అంతా మూకుడులో చెదిరిపోయింది. తీతా ఒక్క మాట అనలేదురా. నా వేళ్ల మీద తన వేళ్లు పెట్టి, ఒక్కో చుట్టుకీ కొంచెం వెనక్కి లాగి బిగించడం, చివర గుడ్డు సొన రాసి అంటించడం చూపించింది. మా అమ్మ గుర్తొచ్చింది.

సాస్ నాకు ఇంకా ఇష్టం. కప్పు అనాసరసం, పావు కప్పు వెనిగర్, చక్కెర, కాస్త అరటిపండు కెచప్ కలిపి మరిగించి, నీళ్లలో కలిపిన కార్న్‌ఫ్లోర్ పోస్తే నిగనిగలాడుతూ చిక్కబడుతుంది. అరటిపండుతో కెచప్ ఏంటని నేనూ అడిగాను. టమాటాలు సరిగా దొరకని దేశంలో, ఉన్న సబా అరటితో మరియా ఒరోసా అనే ఆహార శాస్త్రవేత్త చేసి చూపించిందట. యుద్ధంలో శిబిరాల్లో బందీలకు సోయా పొడి చాటుగా పంపిన మనిషి ఆవిడ. 1945లో మనీలా మీద బాంబులు పడినప్పుడు చనిపోయింది. అది విన్నాక ఆ సీసాని చూసే చూపే మారిపోయింది నాకు.

నిన్న ఒక్కటీ విచ్చుకోలేదు. తీతా ఒకటి కరకరమని కొరికి "లామీ కాయో" అంది. ఇక్కడి బిసాయా భాషలో భలే రుచిగా ఉందని.

వేసవికి వచ్చినప్పుడు మీ ఇంట్లోనే చేస్తాను. అత్తయ్య పంది మాంసం తినదు కదా, కోడి కీమాతో చేద్దాం. కెచప్ సీసా నేను తెస్తా, మంచి అనాసపండు నువ్వు చూసి ఉంచు.

నీ బావ