వాకీటాకీల పార్సిల్ వెనక్కి పంపాను
సభ్యులకు నమస్కారం. వాచ్‌మెన్ల కోసం తెప్పించిన వాకీటాకీల పెట్టె నిన్న వచ్చింది. టేపు ఒకసారి ఊడదీసి మళ్లీ అంటించినట్టుంది, తీసుకోలేదు. అతి జాగ్రత్త అని కొందరు నవ్వారు, నవ్వనివ్వండి. 2024 సెప్టెంబరు 17న లెబనాన్‌లో పేజర్లు, మరునాడు వాకీటాకీలు పేలాయి. వాడేవారి చేతికి చేరకముందే వాటిలో పేలుడు పదార్థం దాచారు. మనకు అంత భయం అక్కర్లేదు గానీ, ఎవరో విప్పిన సరుకు మనకెందుకు?

ఇకపై ఎవరి ఇంటికైనా ఫోను, రూటరు, కెమెరా వస్తే పెట్టె విప్పేటప్పుడు వీడియో తీయండి. పెట్టె మీది సీరియల్ నంబరు, పరికరం మీది నంబరు ఒకటేనా చూడండి. ఫోనులో *#06# నొక్కితే వచ్చే ఐఎంఈఐని, అంటే ఫోను గుర్తింపు సంఖ్యని, కేంద్ర ప్రభుత్వ సంచార్ సాథీ సైటులో సరిచూసుకోవచ్చు. రూటరుకు మొదట ఫ్యాక్టరీ రీసెట్, ఆ తర్వాతే పాస్‌వర్డ్.

కొత్త పెట్టె వచ్చాక ఇద్దరు సాక్షులుగా రండి.