ఆదివారం చర్చకు సిద్ధమేనా?

అందరికీ నమస్కారం. ఈ ఆదివారం సాయంత్రం 5కి ప్రకాశం పార్కులో కలుద్దాం. వానొస్తే మా మిద్దె మీద, రేకుల కింద.

ఈసారి విషయం: మనం 'మంచి' అనుకునేవి ఎక్కడ పుట్టాయి? 1887లో జర్మన్ తత్వవేత్త నీషే పట్టుకున్న తీగ ఇదే. తప్పు అన్న భావన అప్పులోంచి పుట్టిందన్నాడు. జర్మన్‌లో తప్పుకూ అప్పుకూ ఒకటే మాట, షుల్డ్. (మనకు ప్రాసైనా కలిసింది!) 1975లో ఫ్రెంచ్ తత్వవేత్త ఫూకో బడి టైంటేబుల్‌ మూలాన్ని క్రైస్తవ మఠాల్లో చూపించాడు.

తలా ఒక విలువ ఎంచుకోండి: శుభ్రత, మెరిట్, టైముకు రావడం, ఏదైనా. అది మీ ఇంట్లోకి ఎప్పుడొచ్చిందో అవ్వనో తాతనో అడిగి రండి. మా అవ్వ గోడ నీడ చూసి పొయ్యి వెలిగించేది. తాత రేణిగుంట రైల్వేలో చేరాకే ఇంటికి గడియారం వచ్చిందట.

పుట్టుక బాగాలేదంటే విలువే చెడ్డదని కాదు. పోయినసారి దీనిమీదే గంట కొట్లాడాం, మళ్లీ వద్దు!

జిరాక్స్ కాపీలు మరవకండి. వచ్చేవాళ్లు శుక్రవారంలోగా చెప్పండి, టీ లెక్క చూసుకోవాలి.