చేతి లేజర్ వెల్డింగ్‌కు వాడవలసిన కళ్ళద్దాల గురించి

తిరుపతి ఫ్యాబ్రికేషన్ గ్రూప్ సభ్యులందరికీ నమస్కారం.

స్టీల్ రెయిలింగులకు, గేట్లకు మన షాపుల్లో చేతి లేజర్ వెల్డింగ్ గన్‌ల వాడకం పెరిగినందున ఈ సందేశం పంపుతున్నాను. ఇవి చాలావరకు 1000 నుంచి 2000 వాట్ల ఫైబర్ లేజర్లు. వీటి కిరణం తరంగదైర్ఘ్యం సుమారు 1080 నానోమీటర్లు ఉంటుంది కాబట్టి అది కంటికి కనిపించదు, కనిపించనందున రెప్ప దానంతటది వాలదు, అయినా కంటి కటకం ఆ కిరణాన్ని తిన్నగా రెటీనా మీదే కేంద్రీకరిస్తుంది. అక్కడ కాలితే నొప్పి తెలియకపోవచ్చు, పోయిన చూపు తిరిగి రాకపోవచ్చు.

ఆర్క్ వెల్డింగ్ నల్లద్దం చాలునని కొందరు అంటున్నారు. అది ఆర్క్ వెలుగు కోసం చేసినదే తప్ప లేజర్‌ను ఆపడానికి కాదు. చలువ కళ్ళద్దాల సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు. లేజర్ కోసమే చేసిన కళ్ళద్దాలు కొనే ముందు అద్దం మీద గానీ ఫ్రేము మీద గానీ తరంగదైర్ఘ్యం, ఓడీ (ఆ కిరణాన్ని అద్దం ఎంతగా ఆపుతుందో తెలిపే కొలత) అంకె రెండూ అచ్చయి ఉన్నాయో లేదో చూడండి. ఓడీ ఒక అంకె పెరిగితే లోపలికి వచ్చే కాంతి పదో వంతుకు తగ్గుతుంది. అంటే ఓడీ 7 అద్దం కోటిలో ఒక వంతునే రానిస్తుంది. 532 నానోమీటర్లకు మాత్రమే చేసిన అద్దం ఎంత ఖరీదైనదైనా మన యంత్రానికి పనికిరాదు.

మెరుగుపెట్టిన స్టెయిన్‌లెస్ పైపుకు తగిలిన కిరణం ఎటు మళ్ళుతుందో చెప్పలేము కనుక, పైపు పట్టుకునే హెల్పర్‌కూ అవే అద్దాలు ఇవ్వండి, కొలతలు చెప్పడానికి వచ్చిన కస్టమర్‌ను షట్టర్ బయటే ఉండమనండి. గీతలు పడినవి, నిప్పురవ్వలకు మచ్చలు పడినవి వాడకండి. ఫేస్ షీల్డ్ ఉన్నా లోపల ఈ అద్దాలు ఉండవలసిందే.

కొత్తవి కొనదలచినవారు తరంగదైర్ఘ్యం, ఓడీల అచ్చు కనిపించేలా ఫొటో తీసి, డబ్బు కట్టకముందే గ్రూప్‌లో పెట్టగలరు.